సిట్అప్స్, పత్తి సాళ్లు, ధనుర్మాసపు ముగ్గు: ఒక 8వ తరగతి అమ్మాయి నడుము నొప్పి

ఈ కేసు నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలది. విద్యార్థినికి 13 ఏళ్లు, 8వ తరగతి. ఖోఖో బాగా ఆడుతుంది. దసరా సెలవుల తర్వాత మొదలైన నడుము నొప్పి నవంబరు వచ్చేసరికి ఆటను దాటి తరగతి గదిలోకి వచ్చింది. చివరి రెండు పీరియడ్లు బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోయేది.

నేను ఆ బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టునూ కాను. రోగ నిర్ధారణ డాక్టరుగారిది. ఆయన చూసి, ఎముకల్లో తేడా ఏమీ లేదు, మెల్లగా వ్యాయామం చేయించవచ్చు అని చెప్పిన తర్వాత బడిలో, ఇంట్లో ఏం మార్చామో అదే నేను రాయగలిగింది. తల్లి, అమ్మాయి ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మార్చాను.

ఈ కేసు నన్ను ఆపి ఆలోచింపజేసింది ఒక్క విషయంలో. మన బడుల్లో కోర్ బలం, అంటే నడుమును చుట్టూ పట్టి ఉంచే కండరాల బలం, అనగానే పొట్ట, పొట్ట అంటే సిట్అప్స్, సిట్అప్స్ అంటే లెక్క. ఈ అమ్మాయి ఆ లెక్కలో తన తరగతిలో అందరికంటే ముందుంది. నడుము పట్టేసింది కూడా ఆమెకే.

ఎలా బయటపడింది

తనంతట తాను చెప్పలేదు. ఆడపిల్లలు నడుము నొప్పి గురించి చెప్పరు. చెబితే ఆటలోంచి తీసేస్తారని ఒక భయం, 'ఇంత చిన్న వయసులో నడుం నొప్పేంది' అని ఇంట్లో అంటారని ఇంకో భయం. నాకు అనుమానం వచ్చింది ఖోఖో కోర్టులో. గళ్లలో కూర్చున్న ఆటగాళ్లు 'ఖో' వినగానే ఒక్క ఊపులో లేవాలి. ఈ అమ్మాయి బుల్లెట్ టో పద్ధతిలో కూర్చునేది, అంటే ఒక పాదం ముందు, ఒకటి వెనక, పరుగు పందెం మొదలుపెట్టేవాళ్లలా. ఆ భంగిమలోంచి లేవడంలో ఆమెది మా టీంలో మంచి వేగం. నవంబరులో చూస్తే లేచేముందు అరచెయ్యి తొడ మీద పెట్టి నెట్టుకుని లేస్తోంది. ఇలా తొడ ఆసరాతో లేవడం నడుము వద్దంటోందనడానికి గుర్తు. ముసలివాళ్లలో చూస్తాం కాబట్టి పిల్లల్లో పట్టించుకోం.

పక్కకు పిలిచి అడిగితే మొదట 'ఏం లేదు మేడం' అంది. పక్కనున్న స్నేహితురాలే చెప్పింది, 'రోజూ అంటది మేడం, నడుం గుంజుతుందని.' అప్పుడు తనే నోరు విప్పింది. 'కూసుంటే నొస్తది మేడం. వంగి లేస్తే ఎక్కువ నొస్తది. నడుస్తే కొంచెం నయం.'

ఈ మూడు ముక్కలు ఎంతో చెబుతాయి. కూర్చుంటే, వంగితే పెరిగి, నడిస్తే తగ్గే నొప్పి ఒక దారి. వెనక్కి వంగితే, ముఖ్యంగా ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగితే పొడిచినట్టుండే నొప్పి వేరే దారి. ఎదిగే వయసులో వెన్నుపూస వెనక భాగంలో సన్నని పగులు వస్తే ఇలా ఉంటుంది. ఎక్కువగా కింది వెన్నుపూసల్లో, ఫాస్ట్ బౌలింగ్ చేసే పిల్లల్లో కనిపిస్తుంది. ఒంటికాలి పరీక్ష మా అమ్మాయికి నొప్పి లేకుండా అయింది. ముందుకు వంగినప్పుడు సగం దాకా వచ్చి ఆగిపోయింది.

డాక్టరు దగ్గరికి పంపే ముందు అడిగినవి

పిల్లల నడుము నొప్పి అనగానే వ్యాయామం మొదలుపెట్టేయకూడదు. రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ వస్తోందా, సాయంత్రం జ్వరం వస్తోందా, బరువు తగ్గిందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, మూత్రానికి వెళ్లడంలో తేడా ఉందా, పొద్దున లేవగానే చాలాసేపు ఒళ్లు బిగుసుకుపోతోందా. వీటిలో దేనికి 'అవును' అని వచ్చినా వ్యాయామం కాదు, ఆసుపత్రి. వెన్నుపూసకు టీబీ రావడం మన దేశంలో ఎవరో ఒకరికి వచ్చే వింత జబ్బేమీ కాదు. నెలసరి గురించి కూడా అడిగాను. ఆ రోజులకూ ఈ నొప్పికీ పొంతన లేదు. మగ ఉపాధ్యాయుడు మాత్రమే ఉన్న బడిలో ఈ ప్రశ్న అడగడానికి ఒక మేడంనో, ఏఎన్ఎంనో పక్కన పెట్టుకోవాలి. అడగడం మాత్రం మానకూడదు.

నిలబడి, కాళ్లు దగ్గర పెట్టి, చేతులు జోడించి ముందుకు వంగమని వెనక నుంచి చూశాను. వెన్ను పక్కకు వంకర ఉంటే ఒక పక్క పక్కటెముకలు ఉబ్బి కనిపిస్తాయి. రెండు పక్కలా సమానంగానే ఉంది.

మా ప్రాంతంలో ఇంకో ప్రశ్న తప్పదు: ఫ్లోరైడ్. నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దును మా ఊళ్ల బోర్లు ఏళ్ల తరబడి దాటుతూనే ఉన్నాయి. ఎముకల ఫ్లోరోసిస్ వెన్ను చుట్టూ ఉన్న కీళ్లను, బంధనాలను బిగదీసేస్తుంది. దాన్ని అనుమానించడానికి ఫీల్డులో వాడే పరీక్షలు మూడు, తేలికైనవి. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు చాచి మోచేతులు మడిచి తల వెనక పట్టుకోవడం. అమ్మాయి తర్వాతి రెండూ చేసింది. కాలి వేళ్లు అందలేదు. అయితే తొడ వెనక కండరాలు బిగుసుకున్న ఎవరికీ అవి అందవు. ఆ ఒక్కటి పట్టుకుని ఫ్లోరోసిస్ అనుకుని హడావిడి పడాల్సిన పని లేదు. ముందు పళ్ల మీద సన్నని గోధుమరంగు చారలు మాత్రం ఉన్నాయి. అవి ఇప్పుడు తాగుతున్న నీళ్ల గురించి చెప్పవు. శాశ్వత దంతాలు లోపల తయారయ్యే పసితనంలో, మిషన్ భగీరథ నల్లా ఇంటికి రాకముందు తాగిన నీళ్ల గురించి చెబుతాయి. అయినా ఈ సంగతి కాగితం మీద రాసే పంపాను. డాక్టరుకు ఇది తెలియాలి.

నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముకల్లో ఏ తేడా లేదన్నారు. నొప్పి తగ్గేదాకా దూకడం, డైవ్ చేయడం ఆపి, నడక మానకుండా, మెల్లగా వ్యాయామం మొదలుపెట్టమన్నారు.

అసలు కారణం ఉదయం 5 గంటలకు ఉంది

ఆటలో దెబ్బ తగిలిందా అంటే లేదు. పడిందా అంటే లేదు. అప్పుడు ఒక మామూలు రోజు మొత్తం నిద్ర లేచింది మొదలు చెప్పమన్నాను. ఇలా అడిగితే 'నొప్పి ఎందుకొచ్చింది' అన్న ప్రశ్నకు రాని జవాబులు వస్తాయి.

వాళ్ల అన్న కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. రోజూ 5 గంటలకు లేచి వాకిట్లో సిట్అప్స్ తీస్తాడు. చెల్లెలు కాళ్లు పట్టుకుంటుంది. తర్వాత అన్న పట్టుకుంటే చెల్లెలు తీస్తుంది. మండల స్థాయి ఖోఖో టీంలో చోటు కావాలని ఆమె పట్టుదల. పది పది కలుపుకుంటూ రోజుకు వంద దాకా వచ్చింది. దసరా సెలవుల్లో దీనికి తోడు పొద్దంతా పత్తి ఏరడం. బడి తెరిచాక ఆదివారాలు మాత్రం చేనుకు వెళ్లేది, సిట్అప్స్ మాత్రం ఆగలేదు.

రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే ఎవరైనా సాయంత్రం కంటే పొద్దున ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉంటారు. లేచి తిరగడం మొదలుపెట్టాక మొదటి గంటలోనే ఆ ఉబ్బు చాలావరకు దిగుతుంది. ఆ గంటలోపు నడుము ముందుకు మడిస్తే డిస్కు మీద, వెనక బంధనాల మీద పడే ఒత్తిడి మిగతా రోజుకంటే చాలా ఎక్కువ. దీర్ఘకాలం నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లతో పొద్దున పూట వంగడం మాన్పించి చూస్తే నొప్పి తగ్గిందని 1998లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఇక కాళ్లు పట్టుకుని పూర్తిగా లేచే సిట్అప్‌లో పని చేసేది పొట్ట ఒక్కటే కాదు. తొడను పైకి లాగే లోపలి కండరాలు నడుము వెన్నుపూసలకే అతుక్కుని ఉంటాయి, అవి గట్టిగా గుంజుతాయి. పెద్దవాళ్లలో ఒక్కో సిట్అప్‌కు వెన్ను మీద 3000 న్యూటన్లకు పైగా, అంటే 300 కిలోలు మోపినంత ఒత్తిడి పడుతుందని కెనడాలో వాటర్లూ యూనివర్సిటీకి చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ లెక్కగట్టారు.

ఒక్క సిట్అప్‌తో ఎవరికీ ఏమీ కాదు. ఎదుగుతున్న పిల్ల, ఉబ్బిన డిస్కులు, కటిక నేల, వంద సార్లు, ఆపైన సాలు వెంట సాలు వంగి నడవడం, ఆపైన బెంచీ మీద గూని పెట్టి కూర్చోవడం. అన్నీ ఒకే దిక్కు వంపులు. వెన్నుకు ఇంకో దిక్కు పని రోజులో ఎక్కడా లేదు.

బ్యాగు సంగతి కూడా చూడాలి కదా అని ఊరి కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 5 కిలోలు దాటింది. 8, 9 తరగతులకు 4.5 కిలోలు మించకూడదని 2017లో మన ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ఉంది. శరీర బరువులో 10 శాతం అని 2020 జాతీయ బ్యాగు విధానం చెబుతుంది. రెండు లెక్కల్లోనూ ఎక్కువే. ఆ రోజు పాఠాల్లేని నోటుపుస్తకాలు తీయించి, రెండు భుజాలకూ వేసుకోమన్నాను. అంతకుమించి ఇక్కడ ఆగను. బ్యాగు బరువే పిల్లల నడుము నొప్పికి కారణమని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. పేపర్లలో ఫొటో వేయడానికి వీలుగా ఉంటుంది కాబట్టి అన్ని నేరాలూ బ్యాగు మీదికి పోతుంటాయి.

కొలిచినప్పుడు కనిపించింది

నొప్పి పదికి రెండు, మూడుకు దిగాక కొలిచాను. అంతకుముందు కొలవకూడదు, నొప్పి అంకెల్ని చెడగొడుతుంది. బడి పిల్లల ఫిట్నెస్ కొలిచే ఖేలో ఇండియా పరీక్షల్లో పొట్టకు పార్షియల్ కర్ల్ అప్, అంటే పూర్తిగా లేవని సగం సిట్అప్, ఉంది. అది ఎన్ని తీశారన్న లెక్క. నాకు కావాల్సింది ఎంతసేపు కదలకుండా ఆపగలదో, అదీ మూడు దిక్కుల్లో.

ముందు వైపు: మోకాళ్లు మడిచి, వీపు కాస్త వెనక్కి వాల్చి అలాగే ఉండటం. నిమిషం పైనే ఉంది. వెనక వైపు: బెంచీ అంచుకు నడుము వచ్చేలా బోర్లా పడుకుని, కాళ్లు ఒకరు పట్టుకుంటే, పైభాగాన్ని గాల్లో నేలకు సమాంతరంగా ఆపడం. దీన్ని 1984లో డెన్మార్క్ డాక్టరు పేరుతో వచ్చిన బీరింగ్ సోరెన్సన్ పరీక్ష అంటారు. ముఖం ముందు ఒక స్టూలు పెట్టాను, అలసిపోతే చేతులు ఆనించడానికి. 40 సెకన్లకే వణుకు మొదలైంది. పక్కలు: సైడ్ ప్లాంక్, అంటే పక్కకు తిరిగి ఒక మోచేతి మీద ఒంటిని లేపి తిన్నగా ఆపడం. కుడి వైపు అర నిమిషం దాటింది, ఎడమ వైపు 20 కూడా రాలేదు.

ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల్లో వెనక కండరాలే అన్నిటికంటే ఎక్కువసేపు ఆగుతాయి, కుడి ఎడమలు దాదాపు సమానంగా ఉంటాయి. అవి పెద్దవాళ్ల లెక్కలు. 13 ఏళ్ల పిల్లకు అచ్చంగా వర్తింపజేయను. కానీ ముందు వైపు వెనకను మించిపోవడం, ఎడమ కుడిలో సగం దగ్గర ఉండటం చూస్తే ఎటు పని చేయాలో తెలిసిపోయింది.

పిల్లలకు దీన్ని మా వాలీబాల్ స్తంభం చూపించి చెబుతాను. దాన్ని నిలబెట్టేది లోపలి ఇనుము కాదు, చుట్టూ మేకులకు కట్టిన తాళ్లు. ఒక తాడు బిగించి మిగతావి వదులుగా వదిలేస్తే నెట్ కట్టగానే స్తంభం ఒరుగుతుంది. నడుము చుట్టూ పొట్ట కండరాలు, పక్కల ఏటవాలు కండరాలు, వెన్ను వెంట పొడుగు కండరాలు, వెన్నుపూసలకు అంటుకుని ఉండే చిన్న మల్టిఫిడస్‌లు, పైన ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం కండరం అన్నీ కలిసి బిగిస్తేనే కోర్. అమ్మాయి ఒక్క తాడునే బిగిస్తూ వచ్చింది.

చేయించినవి

ముందు ఆపినవి: సిట్అప్స్ పూర్తిగా, లేచిన మొదటి గంటలో ఏ వంపు అయినా, ఖోఖో కోర్టు చివరి స్తంభం (పోల్) దగ్గర డైవ్. మొదట చేయించింది నడక. ఇంటర్వెల్‌లో, భోజనం తర్వాత, గ్రౌండు చుట్టూ చేతులు ఊపుతూ వేగంగా.

తర్వాత మెక్‌గిల్ వాడుకలోకి తెచ్చిన మూడు వ్యాయామాలు. ఎక్కడ చేయించాలన్నదే ముందొచ్చిన చిక్కు. 8వ తరగతి ఆడపిల్ల మగపిల్లల ముందు గ్రౌండులో నేల మీద పడుకోదు. పడుకోమనడం కూడా సరికాదు. లైబ్రరీ గదిలో, మధ్యాహ్న భోజనం బియ్యం సంచులు కుట్టించిన పట్టా మీద, తనతో పాటు మరో నలుగురు ఆడపిల్లల్ని కలిపి చేయించాను. ఒక్కదాన్నే చేయిస్తే రోగిని చేసినట్టు ఉంటుంది.

కర్ల్ అప్: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, ఒక కాలు చాచి, అరచేతులు నడుము కింద ఉండే గుంతలో పెట్టాలి. తల, భుజాలు నేల నుంచి కాస్త మాత్రమే లేపాలి. నడుము చేతుల మీద నొక్కకూడదు, లేవకూడదు. వంద సిట్అప్స్ తీసిన పిల్ల ఇది ఆరు తీసి 'ఇంత కష్టముంటదా మేడం' అంది.

సైడ్ ప్లాంక్ మొదట మోకాళ్ల మీదే. మోచెయ్యి సరిగ్గా భుజం కింద ఉండాలి, తుంటి ముందుకు రావాలి. అందరూ తుంటిని వెనక్కి వదిలి పైకి లేపామనుకుంటారు. ఎడమ వైపు ముందు, చివర మళ్లీ ఎడమ వైపు.

బర్డ్ డాగ్: చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక పక్క చెయ్యి, రెండో పక్క కాలు చాపడం. నడుము మీద బోర్డు డస్టరు పెట్టాను. అది పడితే లెక్క మళ్లీ మొదటికి. ఈ డస్టరు నేను నోటితో చెప్పే వంద సూచనలకు సమానం. నడుము తిప్పకుండా కాలు చాపడం అంటే ఏంటో పిల్లకు వెంటనే తెలుస్తుంది.

ఒక్కోసారి ఆపడం సుమారు 10 సెకన్లు, అంతకంటే ఎక్కువ కాదు. ఆరు సార్లు, కాసేపు విశ్రాంతి, నాలుగు, విశ్రాంతి, రెండు. ఎక్కువసేపు బిగబట్టి ఉంచితే కండరానికి రక్తం అందక అలసట వస్తుంది, అలసటలో భంగిమ చెడుతుంది. చిన్న చిన్న ఆపడాలు కలిపితే మొత్తం సమయం అంతే వస్తుంది, భంగిమ చెడదు. గడియారం చూడాల్సిన పని లేకుండా రెండో ఎక్కం పైకి చదవమనేదాన్ని. ఊపిరి బిగబడితే ఎక్కం ఆగిపోతుంది కాబట్టి రెండు పనులూ అయ్యాయి.

నాలుగోది తుంటి దగ్గర వంగడం. డ్రిల్లు కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకోవాలి. తల వెనక, వీపు మీద, పిరుదుల మధ్య ఎముక మీద, మూడు చోట్లా ఆనాలి. అలా ఆనించే, పిరుదులు వెనక్కి నెడుతూ వంగాలి. కర్ర ఎక్కడ వదిలేస్తే అక్కడ నడుము మడిచినట్టు. ఈ ఒక్కటి నేర్పడానికి మిగతా మూడింటికీ కలిపి పట్టినంత సమయం పట్టింది. చిన్నప్పటి నుంచి ఊడ్చినా, నాటేసినా, పత్తి ఏరినా నడుము మడిచే వంగిన పిల్లలకు తుంటి దగ్గర కూడా ఒక మడత ఉందన్నది కొత్త.

చివరికి బకెట్. బడిలో హరితహారం మొక్కలకు నీళ్లు పోసే పని ఎలాగూ ఉంది. సగం బకెట్ ఒక చేత్తో పట్టుకుని, పక్కకు ఒరగకుండా, నల్లా నుంచి మొక్కల దాకా. తిరిగి ఇంకో చెయ్యి. కుడిచేత్తో పట్టుకుంటే ఎడమ పక్క కండరాలు పని చేస్తాయి. కాబట్టి కుడిచేతి నడకలు ఎక్కువ.

వారంలో మూడు రోజులు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు శారీరక శ్రమ, వారంలో కనీసం మూడు రోజులు కండరాలు, ఎముకలకు బలమిచ్చే పని ఉండాలని 2020 ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాకు టైంటేబుల్‌లో పీరియడ్లు ఉన్నాయి. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాక వాటిని గణితం వాళ్లు అడుగుతారు. అందుకే కొన్ని వారాలు ఉదయం ప్రార్థన తర్వాత పావుగంటతోనే సరిపెట్టాను.

చేనులో

ఇల్లు మారకపోతే బడిలో చేసింది నిలవదు. తల్లిని బడికి పిలవకుండా ఒక సాయంత్రం నేనే వెళ్లాను. పిల్లను చేనుకు పంపొద్దని చెప్పడానికి వచ్చాననుకుంది. 'కైకిలోళ్లు దొర్కుతలేరు మేడం. పత్తి పలిగి ఉంటే వాన పడితే మొత్తం పోతది. ఆదివారం ఒక్కపూట రాకుంటె ఎట్ల?' అంది.

వాదించలేదు. నొప్పి పూర్తిగా పోయేదాకా ఒక నెల పంపకండి, తర్వాత పంపినా ఇలా పంపండి అన్నాను. ఒడి నిండేదాకా ఆగకుండా సగం కాగానే దించాలి. నడుముకు కట్టిన ఒడి బరువు ముందుకు లాగుతుంటే వెనక కండరాలు పొద్దంతా దాన్ని ఆపుతూ ఉంటాయి. పొట్టి చెట్ల దగ్గర ఒక మోకాలు కింద పెట్టి ఏరాలి, లేదా ఒక చెయ్యి తొడ మీద ఆనించాలి. ప్రతి సాలు చివర నిలబడి, చేతులు ఆకాశంలోకి చాచి, నాలుగైదు ఊపిరులు పీల్చాలి. తల్లి నవ్వి, 'గిది నేను చేసినా మంచిదే గదా' అంది. మంచిదే. ఆమెకు నడుము నొప్పి ఎన్నేళ్లుగా ఉందో అడిగితే లెక్క చెప్పలేదు.

అన్నతో మాట్లాడటమే ఎక్కువ కష్టమైంది. మా బడిలోనే చదివాడు. 'సిట్అప్స్ లేకుంటే ఫిట్నెస్ ఎట్లొస్తది మేడం' అన్నాడు. నువ్వు రాసే ఉద్యోగానికి పెట్టేది పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్, అందులో సిట్అప్స్ ఎక్కడున్నాయని అడిగాను. అమెరికా సైన్యమే ఏళ్ల తరబడి పెట్టిన రెండు నిమిషాల సిట్అప్స్ పరీక్షను వదిలేసి 2022 నుంచి ప్లాంక్, అంటే మోచేతులు, కాలి వేళ్ల మీద బోర్లా ఒంటిని తిన్నగా ఆపడం, పెట్టిందని చెప్పాను. వాళ్ల చెల్లెలి నడుము కంటే ఈ సైన్యం మాటే ఎక్కువ పని చేసింది.

డిసెంబరులో మళ్లీ

డిసెంబరు మొదటి వారానికి అమ్మాయి చివరి పీరియడ్ దాకా కూర్చుంటోంది, తొడ మీద చెయ్యి పెట్టకుండా లేస్తోంది. నెల మధ్యలో నొప్పి మళ్లీ వచ్చింది. వ్యాయామాలు మానలేదు, చేనుకు వెళ్లలేదు, సిట్అప్స్ లేవు. మళ్లీ పొద్దున లేచింది మొదలు చెప్పమన్నాను.

ధనుర్మాసం మొదలైంది. చీకటితోనే లేచి, చన్నీళ్లతో ముఖం కడుక్కుని, వాకిలి ఊడ్చి, ముగ్గు. చుక్కల ముగ్గు పెద్దది, పక్కింటి పిల్లలతో పోటీ కూడా ఉంది. కాళ్లు నిటారుగా పెట్టి, నడుము దగ్గర రెండుగా మడిచి, అరగంట. సిట్అప్స్ వేళకే, అదే వాకిట్లో, అదే వంపు.

ముగ్గు మానెయ్యమని చెప్పడం నాకు ఇష్టం లేదు, చెప్పినా ఆ ఇంట్లో వినరు. పొద్దెక్కాక వేయమంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. 'పొద్దు పొడిచినంక ఏసేది ముగ్గా బిడ్డా?' అంది. చివరికి ఇలా కుదిరింది. ఊడ్చేది తల్లి. అమ్మాయి లేచాక ముందు పాలు తేవడానికి నడిచి వెళ్లి రావాలి. ముగ్గు చిన్నది, ఒక మోకాలు కింద పెట్టి, రెండు మూడు నిమిషాలకోసారి లేచి నిలబడుతూ. సంక్రాంతి నాటి పెద్ద ముగ్గు మాత్రం అక్కచెల్లెళ్లు పంచుకున్నారు. నొప్పి వారంలో దిగింది.

ఈ రెండో దెబ్బ లేకపోతే నొప్పి వ్యాయామంతోనే తగ్గిందని రాసేదాన్ని. పిల్లల నడుము నొప్పి చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది కూడా. కానీ వ్యాయామం అలాగే ఉండగా ఉదయపు వంపు తిరిగి వచ్చినప్పుడు నొప్పి వచ్చి, ఆ వంపు తీసేస్తే పోయింది. నా దృష్టిలో ఈ కేసులో ఎక్కువ పని చేసింది మాన్పించినవే. వ్యాయామాలు చేసింది ఆటకు తిరిగి పంపడం.

తరగతికి తెచ్చినప్పుడు

జనవరి తర్వాత 8వ తరగతి మొత్తానికి ఇదే చేయించాను. మొదటి రోజు ప్లాంక్ పెట్టి ఆగమంటే వెనక వరసలోంచి ఒకడు అడిగాడు, 'ఏం తప్పు చేసినం మేడం?' వాడికి కదలకుండా ఆగడం అంటే గోడకుర్చీ. విద్యా హక్కు చట్టం శారీరక శిక్షను నిషేధించినా గోడకుర్చీ, గుంజీలు అందరి జ్ఞాపకంలోనూ శిక్షలుగానే ఉన్నాయి. వ్యాయామాన్ని శిక్షగా వాడిన బడిలో వ్యాయామ ఉపాధ్యాయుల పని రెట్టింపవుతుంది.

మగపిల్లల్లో ఎక్కువ మంది బర్డ్ డాగ్‌లో డస్టరు పడేశారు. బలం లేక కాదు, వేగం తగ్గించలేక. కబడ్డీ రెయిడర్లు ఇద్దరు సైడ్ ప్లాంక్‌లో ఎడమ కుడి తేడా బాగా చూపించారు. వాళ్లకూ బకెట్లు ఇచ్చాను, మొక్కలకు నీళ్ల కరువు తీరింది.

ఫిట్నెస్ రిజిస్టరులో కర్ల్ అప్ అంకె పక్కన ఇప్పుడు మూడు గడులు గీసి పెట్టాను: వెనక, కుడి పక్క, ఎడమ పక్క. ఎడమ కుడి తేడా ఎక్కువున్న పేర్ల కింద గీత గీసి, నెల తర్వాత ఆ పేర్లే మళ్లీ కొలుస్తాను. ఫిబ్రవరి చివర కొలిచినప్పుడు మా అమ్మాయి వెనక కండరాలు ముందు వైపును దాటాయి. ఎడమ పక్క కుడికి దగ్గర పడింది, ఇంకా సమానం కాలేదు. వార్షికోత్సవం ఖోఖోలో ఆడింది. పోల్ డైవ్ మాత్రం వచ్చే ఏడాది దాకా వద్దన్నాను. దాని మీద ఇప్పటికీ నాతో అలిగే ఉంది.